ఖాళీ కొక్కెం

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో వాన వచ్చే సంగతి చెవికన్నా ముందు ముక్కుకి తెలుస్తుంది. ఓడల డాకు గోడ అవతల నుంచి తడిసిన గోనె, తుప్పుపట్టిన ఇనుము, నది బురద, ఎవరింట్లోనో వేగుతున్న చేప అన్నీ కలిసి ఒక్క వాసనై ముందుగా వీధిలోకి నడిచొస్తాయి. వాన తీరిగ్గా వాటి వెనకాల వస్తుంది.

శ్రావణమాసంలో ఒక ఆదివారం పొద్దున్న అలాంటి వాసనే వేసింది. ప్రసన్నకుమార్ వంటింటి గుమ్మానికి ఎదురుగా పీట వేసుకుని, గోడకున్న కొక్కెం వంక చూస్తూ కూర్చున్నాడు. డాకులో కూలీలు బస్తాలు లాగడానికి వాడే చేతి కొక్కెం అది. పిడికిట్లో ఇమిడే చెక్క పిడి, దాని నడిమి నుంచి వంకీ తిరిగి దిగిన ఇనుప ముక్కు. పిడిని రెండు మేకుల మీద ఆనించి, ముక్కుకి ఉల్లిపాయల సంచి తగిలించారు. వాడు పుట్టినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. అందుకే ఇన్నాళ్ళూ వాడి కంటికి ఆనలేదు.

"ఏటిరా, అలా గుడ్లప్పగించీసినావు? ఉల్లిపాయలెప్పుడూ సూడనేదేటి?" అంది మామ్మ పున్నమ్మ, మంచం మీద నుంచి.

"ఉల్లిపాయలు కాదు మామ్మా. ఆ హుక్కు. నా ఆటలోకి కావాలి."

"ఏటి?"

పున్నమ్మకి చెవి మందం. ఏ మాటకైనా ముందు "ఏటి?" అనడం ఆవిడకి అలవాటు. వినబడినా అంటుంది. శ్రీకాకుళం తీరం నుంచి పెళ్ళికూతురై కలకత్తా వచ్చి, జుట్టు ముగ్గుబుట్టయ్యే దాకా ఇక్కడే ఉండి, బెంగాలీ ముక్క ఒక్కటి కూడా నాలుక మీదికి రానివ్వని మనిషి. చేపలమ్మితో తెలుగులోనే బేరమాడుతుంది. ఆ చేపలమ్మి బెంగాలీలో జవాబిస్తుంది. వాళ్ళిద్దరికీ ఏనాడూ తగువు రాలేదు.

"ఆటలోకంట మామ్మా, ఆటలోకి!" అని అరిచి చెప్పింది సుజన. ప్రసన్నకి చెల్లెలు. మెటియాబ్రుజ్‌లో ఒక కుట్టుపని కార్ఖానాలో ఫ్రాకులకి లేసులు వేస్తుంది. అమ్మానాన్నలు హల్దియాలో ఉండటం వల్ల ఇంట్లో ఉండేది ఈ ముగ్గురే. "అన్నియ్యకి జీతమిచ్చి మరీ ఆడుకోమంటారు. మనకేమో పండగనాడు కూడా సూదీ దారమూనూ."

సుజన ఎకసెక్కెం చేసింది గాని, అబద్ధం చెప్పలేదు. ప్రసన్న పని సాల్ట్ లేక్‌లో, సెక్టర్ ఫైవ్‌లో, ఒక చిన్న ఆటల కంపెనీలో. ఫోన్లో ఆడే ఆటలు కావవి; బల్ల చుట్టూ కూర్చుని ఆడేవి. ఒకరు కథ నడిపిస్తారు. తక్కినవాళ్ళు వీరులూ మాంత్రికులూ అయి ఆ కథలోకి దిగుతారు. పాచికలు వాళ్ళ తలరాత చెబుతాయి. ఆ వీరులకి దారిలో ఎదురయ్యే భూతాలని తయారుచేసేవాడు ప్రసన్న. ఏ భూతానికి ఎంత బలం, దేనికి రెచ్చిపోతుంది, ఏం చేస్తే ఆగుతుంది అన్నీ ఆలోచించి ఒక కార్డు మీదికి ఎక్కించాలి.

కిందటి చలికాలం వాడు 'నవ్వే తాళం' అనే భూతాన్ని చేశాడు. తప్పు తాళంచెవి పెడితే అది నవ్వుతుంది. ఆ నవ్వు విన్నవాడు తన పేరు మరిచిపోతాడు. ఆటగాళ్ళకి అది తెగ నచ్చింది. అయితే ఆట పెట్టె మీద అచ్చయిన పేరు మాత్రం మృత్యుంజయది. మృత్యుంజయ ఆఫీసులో ప్రసన్నకి పైవాడు. అన్న వరసలో దాదా అని పిలిపించుకుంటాడు, అందరికీ టీ తెప్పిస్తాడు, పాటలు పాడతాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. ఇదేమిటి దాదా అని ప్రసన్న వెళ్ళి అడిగితే, అందరి ఎదుటా భుజం మీద చెయ్యేసి, "ఆరే భాయ్, బస్తా మోసినవాడి పేరు ఓడ మీద రాస్తారా ఎక్కడైనా? డాకు వాళ్ళబ్బాయివి, నీకు నేను చెప్పాలా!" అన్నాడు.

ఆఫీసంతా నవ్వింది. ఆ నవ్వు ప్రసన్న చెవిలో దూరింది, మరి బయటికి రాలేదు. చెవిలో చీమ దూరితే నూనె పోస్తాం, అది తేలి వచ్చేస్తుంది. నవ్వు దూరితే ఏం పోసినా రాదు. లోపలే తిరుగుతుంది, రాత్రిళ్ళు మరీ గట్టిగా.

ఇప్పుడు కొత్త ఆటకి మంత్రించిన వస్తువు కావాలన్నారు. వస్తువే భూతం కావాలి. ఎగిరే కత్తులూ కరిచే పెట్టెలూ అందరూ చూసేసినవే. మనిషి చేతిలో ఏళ్ళ తరబడి అరిగిన వస్తువైతేనే భయం అనిపించి ఇల్లంతా కలియజూశాడు. ఉల్లిపాయల వెనక కొక్కెం కనబడింది. దానితోపాటు ఇంకో ఆలోచన కూడా మొలిచింది. మృత్యుంజయని ఇంటికే పిలవాలి. నిజం కొక్కెం బల్ల మీద పెట్టి ఆడించాలి. మంచం కింద ఒక స్పీకరు దాచి, సమయం చూసి ఒక గొంతు వినిపించాలి. దాదా కెవ్వుమనడం ఫోన్లో పట్టి ఆఫీసు వాళ్ళందరికీ పంపాలి. ఆఫీసు మళ్ళీ నవ్వుతుంది. ఈసారి ఎవరిని చూసి నవ్వాలో తను చెబుతాడు.

"మామ్మా, ఆ సంచి తీసి హుక్కు ఇలా ఇస్తావా?"

"తియ్యకూడదు."

"ఏం?"

"కాళీగా ఉంచకూడదు దాన్ని. కాళీగా ఉంటే అడుగుతాది."

"ఏమడుగుతుంది?"

"నాకేటి తెలుసురా? బెంగాలీలో అడుగుతాది."

సుజన ఫక్కున నవ్వింది. ప్రసన్న నవ్వలేదు. నిజమే, ఆ కొక్కెం ఖాళీగా ఉండగా వాడెప్పుడూ చూడలేదు. ఉల్లిపాయలు అయిపోతే గుమ్మడికాయ, గుమ్మడికాయ లేకపోతే పాత చీరల మూట. ఏదో ఒకటి ఆ ముక్కుకి వేలాడుతూనే ఉండేది. ఇంటికి సున్నం వేసినప్పుడు కూడా మామ్మ దాన్ని ఆ మూటతో సహా చేత్తో పట్టుకుని వీధిలో నిలబడింది. భూతానికి బలహీనత దొరికిందని వాడి ప్రాణం లేచొచ్చింది. ఖాళీగా ఉంటే ఆకలి, బరువు తగిలిస్తే నిద్ర!

"తాతని డాకులో బాగా ఏడిపించారా మామ్మా? బరువులు మోయించీ మోయించీ... ఆ కోపమే దానిలో ఉండిపోయిందా?"

పున్నమ్మ ఈసారి "ఏటి?" అనలేదు.

"మీ తాత బస్తాలు మొయ్యనేదురా. బైరాగి సర్దారంటే ఏటనుకున్నావు? మనుసుల్ని ఎత్తీవోడు."

మామ్మ ఆ కథ చెప్పడం వాళ్ళిద్దరూ వినడం అదే మొదలు. అప్పట్లో తెల్లారేసరికి డాకు గేటు దగ్గర జనం గుంపుగా నిలబడేవారట. కుర్చీలో కూర్చున్న గుమస్తా బాబు ఏదో అడిగేవాడు. కూలీల సర్దారు బైరాగి ఆ కొక్కెంతో ఒకడి మెడలో తువ్వాలు పట్టి ముందుకి లాగేవాడు. వాడికి ఆ పూట పని. మళ్ళీ బాబు అడిగేవాడు. మళ్ళీ ఇంకొకడు.

"బాబు ఏమని అడిగేవాడు?"

"బెంగాలీలో ఏదోలే. నోరు ఇలా సున్నాలా ఎట్టి... కోన్‌టి, కోన్‌టి అనీవోడు."

ప్రసన్నా సుజనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోన్‌టి అంటే ఏది అని. ఎవరు అని కాదు. గిన్నెనో గొడుగునో అడిగినట్టు, ఏది? దానికి జవాబు 'ఎటి'. అంటే ఇది.

"మనుషుల్నా?" అంది సుజన.

"మన ఊరోడే తిరుపతిరావని ఒకడుండీవోడు, నన్ను ఒదినా అనీవోడు. నోటి దురదోడు. మీ తాత నడక మీద పాట కట్టినాడు. బాతు నడక సర్దారంట. గంగమ్మ పండగనాడు పదుగురిలో పాడినాడు. అందరూ నవ్వినారు. నానూ నవ్వినాను. తరవాత ఒక ఓడొచ్చింది. దాని కడుపులో తెలగపిండి తడిసి కుళ్ళిపోనాది. కిందకి దిగినోడికి గాలందదు. ఆ సంగతి మీ తాతకి ముందే తెలుసు. పొద్దున్న బాబు అడిగినాడు. మీ తాత తిరుపతిరావు తువ్వాలు పట్టి లాగినాడు."

"తరవాత?"

"తరవాతేటి? దిగినాడు. మరెక్కనేదు. ఆ కొక్కెంతోనే పైకి లాగినారు." ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. "సంచి తియ్యకు బాబూ. కడుపులో ఏదో ఎట్టుకుని అసలే తియ్యకు."

ఇంత విన్నాక ఒక మాటు చేతులు జోడించి లేచిపోయేవాడే బుద్ధిమంతుడు. ప్రసన్న బుద్ధి మాత్రం వాడి చెవిలో తిరుగుతున్న నవ్వు దగ్గరే ఉంది. 'ఇది ఇంకా బాగుందే' అనుకున్నాడు. ఆ రోజే కూర్చుని కార్డు రాశాడు. వాడికి తెలుగు ఇంట్లో మాటే గాని రాత రాదు, బెంగాలీలో రాశాడు. భూతం పేరు ఖాళీ కొక్కెం. చీకట్లో అది "కోన్‌టి?" అని అడుగుతుంది. ఆటగాళ్ళలో ఎవరైనా ఒకరిని తాకి "ఎటి" అంటే, వాళ్ళని తీసుకుపోతుంది. ఎవరూ ఏమీ అనకపోతే గదిలో గాలి తగ్గుతూ పోతుంది. తరవాత తన గొంతే బొంగురు చేసి "కోన్‌టి?" అని ఫోన్లో పట్టుకున్నాడు.

శనివారం సాయంత్రం మృత్యుంజయ వచ్చాడు. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. ప్యాంటు పైకి మడుచుకుని, ఒక చేత్తో చెప్పులూ ఇంకో చేత్తో సందేశ్ మిఠాయి పెట్టె పట్టుకుని, నవ్వుతూ గుమ్మమెక్కాడు. వస్తూనే వంగి ముసలావిడ కాళ్ళకి దణ్ణం పెట్టి పెట్టె చేతికందించాడు.

"ఏటి?" అంది పున్నమ్మ.

"హాఁ ఠాకుమా, ఎటి! ఇదే! మీకోసమే!" అన్నాడు సంబరంగా, మామ్మని బెంగాలీ వరసలో పిలుస్తూ.

సుజనకి నవ్వాగలేదు. మామ్మ 'ఏమిటి' అంటే ఆయనకి 'ఇది' అని వినబడింది! పున్నమ్మ మిఠాయి తిని, మంచం మీద ఒత్తిగిలి కునుకు తీసింది. సుజన మంచం కోడుకి ఆనుకుని నేల మీద కూర్చుంది. మామ్మ చెయ్యి అలవాటుగా వచ్చి మనవరాలి తల మీద వాలింది.

టీ నీళ్ళు పెట్టే మిషతో ప్రసన్న వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. ఉల్లిపాయల సంచి తీసి మంచం కిందికి తోశాడు. కొక్కెం చేతికి తేలిగ్గా వచ్చింది. అంత ఇనుముకి ఉండాల్సిన బరువు లేదు. తెచ్చి బల్ల నడుమ పెట్టాడు.

"బాబోయ్, ఏం వస్తువు!" మృత్యుంజయ దాన్ని తిప్పి చూశాడు. "పిడి చూడు, వేళ్ళ గుంటలు పడ్డాయి. ఇది పెద్ద పేరు తెస్తుంది మనకి."

'మనకి' అన్నాడు. ప్రసన్న భూతం కార్డు బల్ల మీద బోర్లించి పాచికలు పంచాడు.

ఆట మొదలైన కాసేపటికి కరెంటు పోయింది. వీధిలో నీళ్ళు నిలిస్తే అక్కడ కరెంటు తీసెయ్యడం మామూలే. తను ఆర్పాలనుకున్న దీపం తనంతట తనే ఆరిందని ప్రసన్న లోలోపల మురిశాడు. కొవ్వొత్తి వెలిగించాడు. బయట ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. కిటికీలో బూడిదరంగు ఆకాశం ఉంది. వాన ఏకధారగా పడుతోంది. ప్రసన్న గొంతు తగ్గించి కథ నడిపించాడు. వీరులు ఓ పాత ఓడ కడుపులోకి దిగారు. నిచ్చెన మెట్లు జారుతున్నాయి. అడుగున గోనెలు...

"అన్నియ్యా," అంది సుజన. "వంటింట్లో నూనె గాని ఒలికిందా?"

వాసన ప్రసన్నకీ తెలిసింది. ముందు గోనె. తడి గోనె. దాని వెనక నూనె చిక్కదనం. ఆ వెనక పులుపు, కుళ్ళు, నోట్లోకి వచ్చి నాలుక మీద కూర్చునే వాసన. వాడు తెలగపిండి ఎప్పుడూ చూడలేదు. అయినా అదేమిటో తెలిసింది.

కొవ్వొత్తి మంట చిన్నదైంది. గాలికి ఊగి కాదు. నిలబడే ఉండి, నీలంగా మారి, ఒత్తిలోకి కుంగుతోంది.

"కిటికీ తెరువు భాయ్," అన్నాడు మృత్యుంజయ, చొక్కా గుండీ విప్పుకుంటూ. "ఉక్కగా ఉంది."

"తెరిచే ఉంది దాదా."

వాన చప్పుడు కిటికీ వైపు నుంచి రావడం లేదు. పైనుంచి వస్తోంది. చాలా పైనుంచి... ఎక్కడో ఎత్తున రేకు మీద పడుతున్నట్టు. వాళ్ళు అడుగున ఉన్నట్టు.

మంట ఆరింది.

కిటికీ ఉండాల్సిన చోట కూడా చీకటే. ప్రసన్న ఫోను తీశాడు. ఆ వెలుతురు వాడి చేతి దాకా వచ్చి ఆగిపోయింది. ఊపిరి పీలిస్తే సగమే అందుతోంది. గదిలో ఎవరెక్కడున్నారో ఆయాసాలను బట్టి తెలుస్తోంది. ఎదురుగా దాదా. మంచం దగ్గర సుజన. మంచం మీద మామ్మ గురక.

ఇంకొకటి కూడా ఉంది. ఆయాసపడనిది.

"కోన్‌టి?"

మృత్యుంజయ దగ్గుతూనే నవ్వాడు. "అదరగొట్టావు. స్పీకరెక్కడ దాచావు?"

ప్రసన్న బొటనవేలు ఫోను మీదే ఉంది. ఇంకా నొక్కలేదు. ఆ గొంతు వాడిది కాదు. ముసలి గొంతు. విసిగిన గొంతు. రోజూ అదే అడిగి అడిగి, జవాబు ఏదైనా ఒకటేనన్నట్టున్న గొంతు.

సంచి! వాడు బల్ల మీద తడిమాడు. పాచికలు దొర్లాయి. కొవ్వొత్తి పడింది. కొక్కెం లేదు. బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా... లేదు. మరి సంచి దేనికి తగిలించాలి?

"కోన్‌టి?"

ఈసారి దగ్గరగా. తల పైన ఇనుము గీసుకున్న చప్పుడు. ఏదో ఊగుతోంది, అటూ ఇటూ... ఒక్కొక్కరి మీదుగా.

అప్పుడు కూడా ప్రసన్న చెవిలో నవ్వు లేచింది. ఓడ మీద పేరు రాస్తారా ఎక్కడైనా? ఎదురుగానే ఉన్నాడు. చెయ్యి చాపితే అందుతాడు. ఒక్క మాట చాలు. వాడి చెయ్యి లేచింది. నోరు తెరుచుకుంది. 'ఇది ఆట కాదు' అని లోపల ఒకటి మూలిగింది. చెయ్యి గాల్లోనే ఆగింది.

మంచం కిర్రుమంది. గురక ఆగింది. మామ్మకి మెలకువ వచ్చింది. ఎవరో ఏదో అడిగారని మాత్రం ఆ మందపు చెవికి తెలిసింది.

"ఏటి?" అంది పున్నమ్మ.

బళ్ళో పిల్లలకి మనం మొదటే చెబుతాం, హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా ఉందని. ఆ తేడా మన నాలుకకి. బెంగాలీ చెవికి ఎటి అన్నా ఏటి అన్నా ఒక్కటే.

ముసలావిడ చెయ్యి ఇంకా మనవరాలి తల మీదే ఉంది.

సర్రున ఏదో దిగిన చప్పుడు. సుజన "అ..." అంది. అంతే. మెడలో చున్నీ వెనక నుంచి బిగిసిపోయింది. కాళ్ళు నేలని ఈడ్చుకుంటూ లేచాయి. మడమలు... వేళ్ళు... తరవాత నేల తగలని చప్పుడు.

"ఏటే అమ్మీ? ఏటి? ఏటయినాది?" మామ్మ అరుస్తోంది. అడిగిన ప్రతిసారీ సుజన ఇంకాస్త పైకి పోతోంది.

"మామ్మా, మాటాడకు! ఆ మాట అనకు!"

"ఏటి?"

ప్రసన్న ఎగిరి చెల్లెలి కాళ్ళు పట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి. తనని కూడా కలిపి లాగుతోంది. అవతల పైన అంతులేని చీకటి. అక్కడి నుంచి వాన చినుకు ఒకటి వచ్చి వాడి మొహం మీద పడింది. బలం చాలదు. తీసుకున్నదాన్ని అది వదలదు... ఇంకొకటి ఇస్తే తప్ప. ఆ నియమం వాడు కార్డు మీద రాయలేదు. అయినా తెలుసు. బైరాగి మనవడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక చేత్తో చెల్లెలి కాలు పట్టుకునే, రెండో చెయ్యి చాచాడు. దాదా గుండె చేతికి తగిలింది. చొక్కా కింద దడదడా కొట్టుకుంటోంది.

"ప్రసన్నా," అన్నాడు మృత్యుంజయ గుసగుసగా. "ప్రసన్నా, చాలు. ఆపు..."

"ఎటి!" అన్నాడు ప్రసన్న.

ఆ మాటలో చెల్లెలి కోసం ఎంత ఉందో, నవ్వు కోసం ఎంత ఉందో వాడికే తెలియదు. ఒకటి మాత్రం నిజం. ఆ మాట వాడి నోటికి చాలా తియ్యగా తగిలింది.

సుజన దబ్బున నేల మీద పడింది. కిటికీలోంచి చల్లటి గాలి విసిరికొట్టింది. కరెంటు వచ్చింది.

సుజన మెడ పట్టుకుని దగ్గుతోంది. మెడ చుట్టూ ఎర్రగా వాత. బతికే ఉంది. ప్రసన్న దాన్ని రెండు చేతులా పొదువుకుని, అప్పుడు తలెత్తి చూశాడు. మృత్యుంజయ కుర్చీలోనే ఉన్నాడు. తల వాల్చి ఉన్నాడు. కాసేపటికి తలెత్తాడు. గదిని, గోడలని, తన రెండు చేతులని కొత్తగా చూసుకున్నాడు. వేళ్ళు ముడిచి విప్పుకున్నాడు. లేచి, బల్ల మీది కార్డు తీసుకుని, చెప్పులు మరిచిపోయి, గుమ్మం దిగి నీళ్ళలో నడుచుకుంటూ పోయాడు. టాక్సీలు నిలిచే రోడ్డు వైపు కాదు. డాకు వైపు.

"దాదా!" అని పిలిచాడు ప్రసన్న. ఆయన తిరిగి చూడలేదు.

కొక్కెం గోడ మీద, దాని మేకుల మీదే ఉంది. పున్నమ్మ మంచం కింద నుంచి ఉల్లిపాయల సంచి లాగి, దాని ముక్కుకి తగిలించింది. సంచి తగలగానే అది కిందికి కుంగింది, చాలా బరువు మోస్తున్నట్టు.

"ఎవుల్ని ఇచ్చినావురా?" అంది, గోడవైపే చూస్తూ.

"ఎవర్నీ లేదు మామ్మా. ఆయన వెళ్ళిపోయాడుగా. నడిచే వెళ్ళాడు."



ఆదివారమంతా ప్రసన్న మృత్యుంజయకి ఫోను చేస్తూనే ఉన్నాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. సోమవారం వాన వెలిసింది. బస్సు దిగి సెక్టర్ ఫైవ్‌లో నడుస్తుంటే ఎండ కళ్ళలో పొడిచింది. ఆఫీసు మెట్లెక్కుతున్నంతసేపూ వాడు కోరుకున్నది ఒక్కటే. దాదా ఉండాలి. టీ తాగుతూ, తనని వెక్కిరిస్తూ ఉండాలి. ఎంత నవ్వినా సరే.

ఉన్నాడు! అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. ఎదుట టీ గ్లాసు ఉంది. టీ మీద మీగడ కట్టింది. ప్రసన్నని చూడగానే లేచి నిలబడి, చేతిలో కార్డు పైకెత్తి, చక్కటి బెంగాలీలో అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఈ భూతం ప్రసన్నది. పూర్తిగా ప్రసన్నదే. పెట్టె మీద వీడి పేరే ఉండాలి. ఇంతకుముందు వచ్చిన నవ్వే తాళం మీద పేరు కూడా దిద్దించండి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. కిందటి చలికాలం నుంచీ వాడు కలగన్నది ఇదే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తప్పు తనదే అనిపించింది. చీకటీ భయమూ కలిసి ఏదేదో అనిపించాయి, మంచి మనిషి మీద అనవసరంగా పగపట్టాను అనుకున్నాడు. దగ్గరికెళ్ళి, "దాదా, శనివారం... నన్ను క్షమించండి," అన్నాడు.

మృత్యుంజయ భుజం మీద చెయ్యేశాడు. ఎప్పుడూ వేసే చెయ్యే. తక్కినవాళ్ళు తమ పనుల్లో పడ్డారు. ఆయన మెల్లిగా వంగి, వాడి చెవి దగ్గరికి నోరు తెచ్చాడు. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి.

"పున్నమ్మొదిన కులాసాయా?" అన్నాడు, మన తీరపు యాసలో, ఎక్కడా తడబడకుండా. "నానడిగినానని సెప్పు. బేగి వస్తానని సెప్పు."

శనివారం ఆ ఇంట్లో మామ్మ పేరు ఎవరూ పలకలేదు. ఆవిడని ఒదినా అని పిలిచేవాళ్ళు కలకత్తాలో ఇప్పుడెవరూ మిగలలేదు.

మాట అయిపోయినా ఆయన నోరు అక్కడే ఉంది, పెదవులు చెవి తమ్మెకి తగిలేంత దగ్గరగా. ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు అలాగే ఉంది. అంత దగ్గరగా ఉన్నా... ఎంతసేపు ఎదురు చూసినా... చెవికి వెచ్చటి ఊపిరేమీ తగల్లేదు.